డి ఫార్మసీ అయిపోయినంక ఏం చెయ్యాలె: కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నుంచి మెడికల్ షాపు లైసెన్స్ దాకా

ప్రతి ఏడాది రిజల్ట్స్ వచ్చిన వారం పది రోజులకు నా ఫోన్ మోగుడు షురూ అయితది. అందరు మనోళ్ళ పిల్లలే, దేవరకొండ, హాలియా, అచ్చంపేట, కల్వకుర్తి, ఎక్కడెక్కడి నుంచో చేస్తరు. "అన్నా డి ఫార్మసీ అయిపోయింది, ఇప్పుడేం చెయ్యాలె" అని ఒక ప్రశ్న (డి ఫార్మసీ అంటే డిప్లొమా ఇన్ ఫార్మసీ, మందుల పని నేర్పే కోర్సు). దాని ఎన్కనే జర గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న, "మా ఊర్ల ఒకాయన మెడికల్ షాపు పెడుతుండు, సర్టిఫికెట్ ఇస్తే నెలకింత ఇస్తా అంటుండు, ఇయ్యాల్నా అన్నా?"

రెండోదానికి జవాబు ఒక్క మాటే, ఇయ్యొద్దు. ఎందుకు ఇయ్యొద్దో నా సొంత ముచ్చటతోనే కింద చెప్త. మొదటిదానికి జవాబు మాత్రం పెద్దది, ఫోన్ల ఒడువది, అందుకే అంతా ఒక్కతాన రాసిపెడుతున్న. నాది మిర్యాలగూడ దిక్కు పల్లెటూరు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నప్పుడు రిజిస్టర్ అయిన ఫార్మసిస్టును, తర్వాత తెలంగాణ కౌన్సిల్‌కు మార్చుకున్న, ఇప్పుడు నాకు సొంత షాపు ఉంది. ఈ దారిల ఉన్న ప్రతి టేబుల్ కాడ నిలబడి వచ్చినోన్ని.

ముందుగాల ఎవరు ఏం చూస్తరో తెలుసుకోండి

మన పిల్లలు ఎక్కువ ఆగమయ్యేది ఇక్కడనే. మెడికల్ షాపుకు రెండు తీర్ల పర్మిషన్లు వేరువేరుగ ఉంటయి, ఒకటి మనిషికి, ఒకటి షాపుకు. మనిషికి ఇచ్చేది తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్, 1948 ఫార్మసీ చట్టం కింద. షాపుకు ఇచ్చేది డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్, మనం డీసీఏ అంటం, 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 రూల్స్ కింద. రెండు చట్టాలూ ఢిల్లీల చేసినవే కానీ నడిపేది మాత్రం రాష్ట్రం. ఏ కోర్సు చెల్లుతది, కాలేజీల ఏం చెప్పాలె అనేది ఢిల్లీల ఉన్న ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చూస్తది. మీ పేరు రిజిస్టర్‌ల ఎక్కించుడు, తప్పు చేస్తే తీసేసుడు హైదరాబాద్‌ల ఉన్న రాష్ట్ర కౌన్సిల్ పని.

కౌన్సిల్ అంటే సర్కారు ఆఫీసు లాగ ఒక డైరెక్టర్ కూసోని నడిపేది కాదు. చట్టం ప్రకారం దాంట్ల ఆరుగురు రిజిస్టర్డ్ ఫార్మసిస్టులు ఓట్లతోని గెలిచి వస్తరు, ఐదుగురిని రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తది, మెడికల్ కౌన్సిల్ నుంచి ఒకరు, ఇగ డ్రగ్స్ కంట్రోల్ పెద్దాఫీసరు, గవర్నమెంట్ అనలిస్ట్ లాంటోళ్ళు పదవిని బట్టి ఉంటరు. అంటే మీ పేరు రిజిస్టర్‌ల ఎక్కినంక ఆ కౌన్సిల్‌కు ఓటేసే హక్కు కూడ మీకు వస్తది. చానమందికి ఈ సంగతే తెల్వదు.

డీసీఏ అట్ల కాదు, అది పూర్తిగా రాష్ట్ర ఆరోగ్య శాఖ కిందిది. హెడ్డాఫీసు హైదరాబాద్ వెంగళరావు నగర్‌ల, కింద మన దిక్కు అసిస్టెంట్ డైరెక్టర్లు, వాళ్ళ కింద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు. 2016 అక్టోబర్‌ల జిల్లాలు విడిపోయినంక పాత పాలమూరు వాళ్ళకు, పాత నల్లగొండ వాళ్ళకు ఏ ఆఫీసు మనదో అని ఇప్పటికీ తికమకే. నాగర్‌కర్నూల్‌ల షాపు పెట్టేటోళ్ళు, నారాయణపేటల పెట్టేటోళ్ళు అందరు పాత అలవాటుల మహబూబ్‌నగరే పోవాలనుకుంటరు. దగ్గర్ల ఉన్న మెడికల్ షాపుల గోడకున్న లైసెన్స్ చూడండి, దాని మీద ఇచ్చిన అధికారి హోదా, ఆఫీసు పేరు ఉంటయి, మీకూ అదే ఆఫీసు.

మొదటి మెట్టు: కోర్సు, ట్రైనింగ్, ఎగ్జిట్ పరీక్ష

డి ఫార్మసీ రెండేళ్ళు, దాని మీద కనీసం మూడు నెలల్ల 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. మనోళ్ళు ట్రైనింగ్‌ను లెక్క చెయ్యరు, ఎవరో తెలిసిన ఆసుపత్రిల సంతకం పెట్టిచ్చుకొని వస్తరు. నా మాట వినండి, ఆ 500 గంటలు ఏదన్న పెద్దాసుపత్రి ఫార్మసీల నిజంగ నిలబడండి. డాక్టర్ రాత చదువుడు, ఒకే లాగ పేరున్న రెండు మందులు ఎట్ల తారుమారైతయో చూసుడు, ముసలమ్మకు పొద్దుగాల గోలీ ఏది రాత్రి గోలీ ఏదో అర్థమయ్యేటట్టు చెప్పుడు, ఇవి పుస్తకంల రావు.

కొత్త బ్యాచులకు ఇంకో మెట్టు పెరిగింది. 2022ల ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా డిప్లొమా ఇన్ ఫార్మసీ ఎగ్జిట్ ఎగ్జామినేషన్ రెగ్యులేషన్స్ తెచ్చింది, 2020 సిలబస్ కింద డిప్లొమా పాసైనోళ్ళు ఈ పరీక్ష కూడ పాసైతేనే రాష్ట్ర కౌన్సిల్‌ల పేరు ఎక్కుతది. మూడు పేపర్లు, ప్రతి పేపర్‌ల 50 శాతం రావాలె, ఎన్నిసార్లయినా రాయొచ్చు. పరీక్ష ఇంగ్లీషుల ఉంటది, తెలుగు మీడియంల చదువుకొని వచ్చిన పిల్లలకు భయం సహజమే కానీ ప్రశ్నలన్ని మీరు చదివిన సబ్జెక్టులవే, మందుల పేర్లు ఏ భాషలనైనా అవే కదా. మీ బ్యాచ్ ఏ సిలబస్ కిందికి వస్తదో కాలేజీల నోటితోని అడుగకండి, కాయితం మీద రాసియ్యమనండి. "మీకు అవసరం లేదులే" అని నోటితో చెప్పిన మాట కౌన్సిల్ కౌంటర్ కాడ చెల్లదు.

ఇంకా కోర్సులనే చేరనోళ్ళకు ఒక్క మాట. ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి ఆ ఏడాదికి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అప్రూవల్ ఉందా లేదా వాళ్ళ వెబ్‌సైట్‌ల చూసుకోండి. వేరే రాష్ట్రంల "కాలేజీకి రానవసరం లేదు, పరీక్షకు వస్తే చాలు" అనే డిప్లొమాలు తెచ్చేటోళ్ళున్నరు, కౌన్సిల్ వాళ్ళు మీ మెమోలు ఇచ్చిన బోర్డుకు రాసి నిజమేనా అని అడుగుతరు, అక్కడ దొరికిపోతరు. పైసలు పాయె, రెండేళ్ళు పాయె, పైగా కేసు.

రెండో మెట్టు: కౌన్సిల్‌ల పేరు ఎక్కించుకునుడు

చట్టం అడిగేవి మూడే, 18 ఏళ్ళు నిండాలె, చెల్లే చదువు ఉండాలె, ఈ రాష్ట్రంలనే ఉంటుండాలె లేకపోతే ఈ పని ఇక్కడ చేస్తుండాలె. అప్లికేషన్ ఆన్‌లైన్‌లనే, ఫీజు కూడ ఆన్‌లైన్‌లనే. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిప్లొమా మెమోలు, ప్రొవిజనల్, ట్రైనింగ్ సర్టిఫికెట్, ఆధార్, ఫోటో స్కాన్ చేసి పెట్టుకోండి, పిలిచినప్పుడు ఒరిజినల్స్ అన్ని తీస్కపోవాలె.

నేను చూసిన ఫైళ్ళల్ల సగం ఆగేది పేరు కాడ. పదో తరగతి మెమోల ఇంటిపేరు ముందుంటది, ఆధార్‌ల ఎన్క ఉంటది, డిప్లొమాల ఒట్టి అక్షరమే ఉంటది. పెండ్లయిన చెల్లెళ్ళకైతే ఆధార్‌ల ఇంటిపేరే మారిపోయి ఉంటది. మన ఊర్లల్ల "లక్ష్మి" అని ఒకతాన "లక్ష్మమ్మ" అని ఒకతాన రాస్తరు, ఇంట్ల ఎవరికీ పట్టింపు ఉండదు గానీ రిజిస్టర్‌కు పట్టింపు ఉంటది. అప్లై చేసే నెల రోజుల ముందే అన్ని కాయితాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి, ఆధార్‌ను పదో తరగతి మెమోకు సరిపడ మార్పిచ్చుకోండి, ఎందుకంటే మెమో మార్పుడు కష్టం ఆధార్ మార్పుడు అల్క.

అప్లికేషన్ తిరస్కరిస్తే అంతటితోని అయిపోలే. రిజిస్ట్రార్ కాదంటే మూడు నెలల్ల కౌన్సిల్‌కు అప్పీల్ పెట్టుకోవచ్చు, చట్టంలనే ఉంది ఆ హక్కు. ఎందుకు కాదన్నరో కాయితం మీద తీస్కోండి, అది లేకుంటే అప్పీల్‌ల ఏం రాస్తరు?

పేరు ఎక్కినంక కూడ కథ ఒడువలే. సర్టిఫికెట్ మీద ఏ తారీకు దాకా చెల్లుతదో రాసి ఉంటది, ఆ లోపల రెన్యువల్ కట్టకపోతే పేరు తీసేస్తరు. మళ్ళ పైసలు కట్టి ఎక్కించుకోవచ్చు గానీ మధ్యల ఉన్న రోజులల్ల మీరు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కాదు, ఆ రోజులల్ల మీ పేరు మీద నడిచిన షాపు కూడ ఇబ్బందిల పడ్డట్టే. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం ఐదేళ్ళల్ల కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులు, ఒక్కొక్కటి ఒక రోజు తక్కువ కాకుండ, చేసి ఉండాలె. ఆఖరి నెలల ఉరుకుడు కంటే ఎక్కడ పెట్టినా పోయి రండి. నేను పోయిన ఒకదాంట్ల యాంటీబయాటిక్స్ గురించి చెప్పిన మాటలు ఇప్పటికీ కౌంటర్ కాడ పనికొస్తున్నయి.

నా ముచ్చట

పాసైన కొత్తల నాకు హైదరాబాద్‌ల కంపెనీ నౌకరి దొరికింది. అదే టైంల మా దిక్కు మండలం హెడ్ క్వార్టర్‌ల ఒకాయన షాపు పెడుతుండు, ఇంటికొచ్చి మా నాయినతోని మాట్లాడిండు. "కాయితం గోడకు ఉంటది గంతే, పిల్లగాడు రానవసరం లేదు" అన్నడు. మా నాయిన పత్తి రైతు, ఆ ఏడాది పంట పోయింది, నెలకు కొంత వస్తది అంటే కాదనబుద్ధి కాలే. నేనూ కాదనలే, కొడుకుగ నాకు అప్పుడు అది సాయం లెక్కనే కనపడ్డది, తప్పు లెక్క కనపడలే.

ఏడాదిన్నరకు ఇన్‌స్పెక్షన్ అయింది. గోడకు నా సర్టిఫికెట్ ఉంది, కౌంటర్ కాడ నేను లేను, చీటి లేకుండ నిద్ర గోలీలు అమ్మిన లెక్క దొరికింది. నోటీసు ఇంటికొచ్చింది, మా నాయిన సంతకం పెట్టి తీసుకొని పక్కింటి పిల్లగానితోని చదివిచ్చుకున్నడట. ఆ రాత్రి ఆయన ఫోన్‌ల మాట్లాడలేకపోయిండు. నేను తప్పు ఒప్పుకొని రాసిచ్చి, సర్టిఫికెట్ వాపస్ తీసుకొని, హెచ్చరికతోని బయటపడ్డ. పేరు తీసేసి ఉంటే నా చదువు, మా నాయిన కష్టం అంతా ఆ గోడకే పోయేది.

2015 రెగ్యులేషన్స్‌ల ఇది సూటిగ రాసి ఉంది, షాపుల పనిచెయ్యకుండ సర్టిఫికెట్ ఓనర్‌కు ఇచ్చుడు మిస్‌కండక్ట్, ఒకటి కంటే ఎక్కువ షాపులల్ల పెట్టుడు కూడ మిస్‌కండక్ట్. ఫార్మసీ చట్టం 36వ సెక్షన్ కింద కౌన్సిల్ మీ వాదన విని పేరు తీసెయ్యొచ్చు, దాని మీద 30 రోజులల్ల రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీల్ ఉంటది, ఆ తర్వాత ప్రభుత్వం చెప్పిందే ఆఖరి మాట. ఇగ 42వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కాని మనిషి డాక్టర్ చీటి మీద మందు ఇచ్చుడే నేరం, జైలు కూడ పడొచ్చు. ఆ నెలవారీ పైసలతోని ఈ లెక్క తూచి చూడండి.

మూడో మెట్టు: జాగ చూసుకునుడు

షాపు లోపల జాగ కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలె, అంటే దగ్గరదగ్గర 108 చదరపు ఫీట్లు. ఇది గోడల లోపలి కొలత, బయట మెట్లు, షెడ్డు, రేకుల కింద జాగ లెక్కకు రాదు. హోల్‌సేల్ కూడ అదే జాగల కలిపి పెడితే 15 చదరపు మీటర్లు. మన పాత బజార్లల్ల, నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు గానీ మహబూబ్‌నగర్ పాత సందులల్ల గానీ, దుకాణాలు పొడుగ్గ ఉండి వెడల్పు తక్కువుంటయి, ఒక ఫీటు తక్కువై అప్లికేషన్ తిరిగొచ్చినోళ్ళను చూసిన. అడ్వాన్సు ఇచ్చే ముందు టేపు తీస్కపోయి మీరే కొలవండి, ఓనర్ మాట నమ్మకండి. తర్వాత కిరాయి అగ్రిమెంట్ షాపు ఎవరి పేరు మీద లైసెన్స్ వస్తదో ఆళ్ళ పేరు మీదనే చేసుకోండి, బామ్మర్ది పేరు మీద అగ్రిమెంట్ పెట్టి మీ పేరు మీద అప్లై చేస్తే మళ్ళ మొదటికే వస్తది.

ఫ్రిజ్ తప్పకుండ కావాలె. ఇన్సులిన్, టీకాలు, కొన్ని సూది మందులు చల్లగ లేకపోతే పనిచెయ్యవు. మన దిక్కు ఎండకాలం ఎట్లుంటదో తెలుసు కదా, కరెంటు పోతే ఫ్రిజ్ ఎంతసేపు ఆగుతదో ముందే ఆలోచించి ఇన్వర్టర్ పెట్టుకోండి.

నాలుగో మెట్టు: డీసీఏకు అప్లికేషన్

రిటైల్ షాపుకు అప్లై చేసేది ఫారం 19ల, వచ్చే లైసెన్సులు రెండు, ఫారం 20, ఫారం 21. ఫారం 20 మామూలు మందులకు, ఫారం 21 టీకాలు, సీరమ్, ఇన్సులిన్ లాంటి షెడ్యూల్ సి, సి1 మందులకు. ఒక్కోదానికి 1500, కలిపి 3000 రూపాయల ఫీజు. హోల్‌సేల్‌కు ఫారం 20బి, 21బి. ఎవరన్న "లైసెన్స్‌కు ఇంత లక్ష అయితది" అంటే అసలు ఫీజు 3000 అని యాదికుంచుకోండి, మిగతాది ఎవరికి పోతుందో అడగండి.

షాపు ప్లాన్, కిరాయి అగ్రిమెంట్ లేకపోతే సొంత జాగ కాయితాలు, ఫ్రిజ్ బిల్లు, ఫార్మసిస్టు కౌన్సిల్ సర్టిఫికెట్, ఓనర్ వేరే అయితే ఫార్మసిస్టు అపాయింట్‌మెంట్ కాయితం, ఒప్పుకున్నట్టు డిక్లరేషన్, పార్ట్‌నర్‌షిప్ అయితే డీడ్, ఇవి పెట్టాలె. ఫార్మసిస్టుగా మీరు సంతకం పెట్టే ముందు ఆ డిక్లరేషన్ ఒక్కసారి పూర్తిగా చదవండి, "నేను ఫుల్ టైం ఈ షాపులనే పనిచేస్త" అని మీరు రాసిస్తున్నరు. సంతకం పెట్టినంక "నాకు తెల్వదు" అంటే ఎవరు వింటరు?

హోల్‌సేల్‌కు ఫార్మసిస్టే ఉండాలని లేదు, పదో తరగతి పాసై మందుల అమ్మకంల నాలుగేళ్ళ అనుభవం ఉన్నా, డిగ్రీ చేసి ఒక ఏడాది అనుభవం ఉన్నా సరిపోతది.

మెడికల్ లైసెన్స్‌తోనే అన్ని అయిపోవు. మున్సిపాలిటీ లేకపోతే పంచాయతీ ట్రేడ్ లైసెన్స్, లేబర్ డిపార్ట్‌మెంట్ షాప్స్ రిజిస్ట్రేషన్ వేరే. పిల్లల పాల పొడి, ప్రోటీన్ డబ్బాలు పెడితే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ వేరే. జీఎస్టీ సంగతి ఆడిటర్‌ను అడగండి.

ఐదో మెట్టు: ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి జాగ కొలుస్తరు, ఫ్రిజ్ చూస్తరు, ఫార్మసిస్టును నిలబెట్టి మాట్లాడుతరు. లైసెన్స్ రాకముందే స్టాక్ దింపకండి, ఒక్క డబ్బా కూడ వద్దు. లైసెన్స్ లేకుండ మందులు అమ్ముడు, అమ్మకానికి నిల్వ పెట్టుడు 1940 చట్టం 27వ సెక్షన్ కింద మూడేళ్ళకు తక్కువ కాకుండ ఐదేళ్ళ దాకా జైలు, లక్షకు తక్కువ కాని జుర్మానా. ముహూర్తం బాగుందని పూజ చేసి అమ్ముడు మొదలుపెట్టినోళ్ళను నేనెరుగుదును, పూజ చేసుకోండి కానీ షెల్ఫులు ఖాళీగ ఉంచండి.

అన్ని సరిగ్గ ఉంటే లైసెన్స్ వస్తది. 2017ల రూల్స్ మారినంక దీనికి రెన్యువల్ అని లేదు, రద్దు కానంత కాలం నడుస్తది, కానీ ప్రతి ఐదేళ్ళకు రిటెన్షన్ ఫీజు, అంటే లైసెన్స్ నిలుపుకునే ఫీజు, కట్టాలె. ఆలస్యమైతే ఆరు నెలల దాకా నెలకు రెండు శాతం చొప్పున ఎక్కువ కట్టొచ్చు, అది కూడ దాటితే లైసెన్స్ పోయినట్టే. ఆ తారీకు షాపు గోడ మీద పెద్దగ రాసిపెట్టుకోండి.

ఆరో మెట్టు: రోజూ నడుపుడు

లైసెన్స్ తెచ్చుకునుడు అల్క, నిలబెట్టుకునుడే కష్టం. నేను చెప్పేది ఇక్కడ జర ఓపికతోని చదవండి.

ఫారం 35 అని ఇన్‌స్పెక్షన్ బుక్ ఉంటది, అది షాపులనే ఉండాలె. లైసెన్స్ అందరికి కనపడేటట్టు పెట్టాలె. షెడ్యూల్ హెచ్ మందులు డాక్టర్ చీటి లేకుండ ఇయ్యొద్దు, చీటిల సంతకం, తారీకు, పేషెంట్ పేరు, ఎంత ఇయ్యాల్నో ఉండాలె. చీటిల రాసిన మందు లేదని దాని బదులు వేరే కంపెనీది, అదే మందు అయినా సరే, మీ అంతట మీరు మార్చి ఇయ్యొద్దని 1945 రూల్స్ 65వ రూల్‌ల ఉంది, డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. తేదీ అయిపోయిన మందు, డాక్టర్ శాంపిల్ మందు అమ్మొద్దు.

షెడ్యూల్ హెచ్1 అని 2014 మార్చి నుంచి అమలైంది, టీబీ మందులు, పెద్ద యాంటీబయాటిక్స్, ట్రమడాల్, అల్ప్రాజోలం, డైజెపామ్ లాంటివి దాంట్ల ఉన్నయి. వీటికి వేరే రిజిస్టర్ రాయాలె, డాక్టర్ పేరు అడ్రసు, పేషెంట్ పేరు, మందు, ఎన్ని ఇచ్చినరో రాసి మూడేళ్ళు దాచాలె. అల్ప్రాజోలం, డైజెపామ్ గురించి పాలమూరు, నల్లగొండ దిక్కోళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు, కల్తీ కల్లుల అవి కలిపి ఎంత మంది బతుకులు ఆగమైనయో ఊరూరికి తెలుసు. కల్లు దొరకని రోజు చేతులు వణుక్కుంట వచ్చి "ఒక్క గోలీ ఇయ్యి బిడ్డా" అని మన కౌంటర్ కాడ నిలబడతరు. పాపం అనిపిస్తది, నిజంగనే పాపం. అయినా ఇయ్యొద్దు, సర్కారు దవాఖానకు పొమ్మని చెప్పండి, పోలేని స్థితిల ఉంటే ఆటో మాట్లాడి పంపండి. అల్ప్రాజోలం ఎన్‌డీపీఎస్ అనే మత్తు మందుల చట్టంల కూడ ఉంది, ఒక్క చీటి లేని అమ్మకం రెండు చట్టాల కింద కేసు అయితది.

కొన్న బిల్లులు ప్రాణం లెక్క దాచుకోండి. ఇన్‌స్పెక్టర్ శాంపిల్ తీస్తే దానికి పైసలిచ్చి ఫారం 17 ఇస్తరు, దాన్ని నాలుగు భాగాలు చేసి ముద్రేసి ఒకటి మీకిస్తరు, ఒకటి సర్కారు ల్యాబ్‌కు పోతది. మందు నాసిరకం అని రిపోర్ట్ వస్తే భయపడి పరుగెత్తకండి. లైసెన్స్ ఉన్న హోల్‌సేలర్ దగ్గర కొన్న, చెప్పినట్టు నిల్వ చేసిన, నాకు తెల్వదు అని నిరూపిస్తే 1940 చట్టం 19వ సెక్షన్‌ల మీకు రక్షణ ఉంది, ఆ నిరూపణకు కావాల్సింది బిల్లు. రిపోర్ట్ తప్పు అనుకుంటే చేతికొచ్చిన 28 రోజులల్ల కాదని రాసియ్యాలె. తక్కువకు వస్తుందని బిల్లు లేకుండ బైక్ మీద తెచ్చి ఇచ్చేటోని దగ్గర కొన్నరంటే ఆ రక్షణ మీరే చింపేసుకున్నట్టు.

ఏదన్న తేడా వస్తే

లైసెన్స్ సస్పెండ్ చేసే ముందు మీకు నోటీసు ఇచ్చి ఎందుకు చెయ్యొద్దో చెప్పమని అడగాలె, 66వ రూల్. జవాబు గడువు లోపల, కాయితం మీద, బిల్లులు జత చేసి ఇయ్యండి. సస్పెండ్ చేస్తే మూడు నెలల్ల రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీల్.

ఫైల్ ఊకెనే ఆగితే ఆర్టీఐ పెట్టండి. మన రాష్ట్రంల గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, మిగతా వాటికి 10 రూపాయలు, 30 రోజులల్ల జవాబు రావాలె. "నా అప్లికేషన్ ఏ తారీకున ఎవరి టేబుల్ మీదికి పోయింది, ఇప్పుడెక్కడ ఉంది" అని సూటిగ అడగండి, చానసార్లు జవాబు కంటే ముందు లైసెన్సే వస్తది. ఎవరన్న లంచం అడిగితే ఏసీబీ నంబర్ 1064. నకిలీ మందు, లైసెన్స్ లేని షాపు కనపడితే డీసీఏ టోల్ ఫ్రీ 1800-599-6969.

వేరే పనులోళ్ళు కూడ అడుగుతున్నరు

ఇంట్ల అన్నదమ్ములు ఒక్కొక్కరు ఒక్కో పనిల ఉంటరు కదా, అందుకే రెండు మాటలు. ఎక్కడైనా ఇదే లెక్క, మనిషి పేరు ఒకతాన ఎక్కుతది, దుకాణం లేకపోతే పని పర్మిషన్ ఇంకోతాన ఉంటది. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసిన చెల్లెళ్ళు తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌ల, ల్యాబ్ టెక్నీషియన్లు పారామెడికల్ బోర్డుల ఎక్కాలె. ఐటీఐ ఎలక్ట్రీషియన్లు చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ దిక్కు నుంచి వైర్‌మన్ పర్మిట్ తీస్కుంటేనే కాంట్రాక్టర్ కింద లెక్కల ఉంటరు. లా చేసినోళ్ళకు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టం ప్రకారం 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125, అంతకంటే ఎక్కువ తీసుకోవద్దని 2024 జులైల సుప్రీంకోర్టు చెప్పింది. ఎరువులు, పురుగు మందుల దుకాణమైతే వ్యవసాయ శాఖ, అగ్రికల్చర్ లేకపోతే కెమిస్ట్రీ డిగ్రీ లేనోళ్ళకు రాజేంద్రనగర్ మేనేజ్ సంస్థ నడిపే 48 వారాల 'దేశీ' (DAESI) అనే డిప్లొమా ఉంది. గద్వాల, మునుగోడు దిక్కు పత్తి రైతులకు విత్తనాలు అమ్మేటోళ్ళు అది ఊకె కాయితం కోసం కాకుండ చదువుకుంటే బాగుంటది, ఒక్క నకిలీ ప్యాకెట్ ఒక ఇంటిని కూల్చిపెడ్తది.

ఊరి కిరాణం వాళ్ళు అడిగే ముచ్చట ఒకటి, వెయ్యి మంది లోపు జనాభా ఉన్న పల్లెల్ల పారాసిటమాల్ గోలీలు, బామ్ లాంటి కొన్ని ఇంటి మందులు కొన్ని షరతులతోని లైసెన్స్ లేకుండ అమ్ముకోవచ్చు, 1945 రూల్స్ షెడ్యూల్ కె ల ఉంది. కానీ యాంటీబయాటిక్ ఒక్కటి కూడ పెట్టొద్దు.

ఆఖరి మెట్టు: షాపు ఇడిచిపెట్టే రోజు

ఇది ఎవరూ చెప్పరు, నాకు కూడ ఎవరూ చెప్పలే. వేరే ఆయన షాపుల పనిచేసి మానేస్తున్నరు అనుకోండి, మానేసిన రోజే మూడు పనులు చెయ్యండి. ఓనర్‌కు రాజీనామా రాసిచ్చి ఒక కాపీ మీద ఆయన సంతకం తీస్కోండి. "ఈ తారీకు నుంచి ఈ షాపుల నేను ఫార్మసిస్టును కాదు" అని అసిస్టెంట్ డైరెక్టర్ ఆఫీసుల కాయితం ఇచ్చి దాని మీద తారీకు ముద్ర ఏపిచ్చుకోండి, ఆన్‌లైన్‌ల మార్చే వీలుంటే అక్కడ కూడ మార్చండి. ఓనర్ "కొత్తాయన వచ్చేదాక పది రోజులు ఉంచు తమ్మీ" అంటడు, ఆ పది రోజులల్ల షాపుల ఏం అమ్మినా అది మీ పేరు మీదనే అమ్మినట్టు. షాపు మూసుకోమనండి, లేకపోతే కొత్త ఫార్మసిస్టును తెచ్చుకోమనండి. పార్ట్‌నర్లు మారినా, ఓనర్ మారినా పాత లైసెన్స్ మూడు నెలలే నడుస్తది, ఆ లోపల కొత్తది తెచ్చుకోవాల్సింది ఆళ్ళే.

మూడోది, స్టూల్ ఎక్కి గోడకున్న సర్టిఫికెట్ మీ చేతులతోనే దింపి, జిరాక్స్ ఎక్కడన్న ఫ్రేముల ఉందా అని కూడ చూసి, ఇంటికి తీస్కపోండి.